అడుగులును మీటర్లును

పోలవరము ప్రాజెక్టునుగూర్చి పత్రికలలో వచ్చెడి వార్తలను శ్రద్ధగా చదువువారికి 45.72 అను సంఖ్య క్రొత్తది కాదు. జలాశయము పూర్తిగా నిండినప్పుడు నీరు సముద్రమట్టమునకు పైన అన్ని మీటర్ల యెత్తున నిలువవలెనని నిర్ణయము, తొలిదశలో 41.15 మీటర్ల వరకే నిలుపవలెనని మరియొక నిర్ణయము. నలుబదియైదని గాని నలుబదియారని గాని తేల్చక, గోదావరి వంటి మహానదికి అడ్డముగా కట్టెడి యింత పెద్ద కట్టడమునకు ఈ చిల్లర లెక్క యేల వచ్చెనని ఆలోచించినవారికి, ఆ మీటర్లను అడుగులలోనికి మార్చి చూచినంతనే సందేహము తీరిపోవును. 45.72 మీటర్లనగా సరిగా 150 అడుగులు, 41.15 మీటర్లనగా 135 అడుగులు. తలచినది అడుగులలో, వ్రాసినది మీటర్లలో.

చట్టరీత్యా మన దేశము మెట్రిక్ పద్ధతిని స్వీకరించి ఆరు దశాబ్దములు దాటినను, మన నిత్యజీవనము ఈ రెండు పద్ధతుల నడుమ నేటికిని నడుచుచునే యున్నది. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ మూడు సంఖ్యలును ఆ తీరవాసులకు కంఠస్థములు, వానిని మీటర్లలో చెప్పినచో ఎవ్వరును మూటముల్లె సర్దుకొని మెరకకు కదలరు. నాగార్జునసాగరపు నిండుమట్టము 590 అడుగులు, శ్రీశైలమునది 885 అడుగులు. ఒకే యింటిలో ఒకే దినమున, బిడ్డకు జ్వరము నూటరెండనియు బయట ఎండ నలుబదినాలుగనియు చెప్పుకొందురు. మొదటిది ఫారన్‌హీట్ లెక్క, రెండవది సెల్సియస్ లెక్క అని యెవరును ఎవరికిని వివరింపవలసిన పని లేదు. మనిషి యెత్తు అడుగులలోను బరువు కిలోలలోను చెప్పబడును. బట్ట మీటర్లలో కొని దర్జీ వద్దకు పోయినచో, ఆయన మెడలోని టేపుతో ఛాతిని అంగుళములలో కొలుచును.

ఇల్లు కట్టుచున్న చోట ఒక పూట నిలిచి చూచినచో ఈ సంగతి మరింత స్పష్టముగా గోచరించును. స్థలము రెండువందల గజములు, గోడ తొమ్మిదంగుళములు, దూలములోని కడ్డీ పన్నెండు ఎం.ఎం.; సిమెంటు బస్తా యేబది కిలోలు; కుళాయి గొట్టము అరంగుళము; మేడపైని ట్యాంకు వేయి లీటర్లు. తలుపులకు తెచ్చిన ప్లైవుడ్ రేకు పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు నాలుగడుగులు, మందము మాత్రము పద్దెనిమిది ఎం.ఎం.; అనగా ఒకే చెక్కకు రెండు దిక్కుల ఒక పద్ధతియు మూడవ దిక్కున వేరొక పద్ధతియు. నేలకు పరచెడి టైలును అందరును 'రెండుబైరెండు' అందురు గాని, అది వాస్తవమునకు 600 మిల్లీమీటర్ల చదరము, రెండడుగులకు 609.6 మిల్లీమీటర్లు. ఒక పలకలో ఈ భేదము చిటికెనవ్రేలి మందము కూడ లేదు. ఇరువదడుగుల గదిలో పది పలకలు వరుసగా పరచినప్పుడు మాత్రము చివర 96 మిల్లీమీటర్ల జాగా మిగిలిపోవును. "చివర నాలుగంగుళాల ముక్క పడుతుందండీ, ఇంకో పెట్టె తెప్పించాలి" అని మేస్త్రీ చెప్పినప్పుడు, సరిపోవునని లెక్కించి తెచ్చిన సరుకు ఎందుకు చాలలేదో ఇంటి యజమానునికి బోధపడదు. ఇందు మేస్త్రీ తప్పును లేదు, యజమానుని తప్పును లేదు. అడుగులలో కట్టిన గదిని మిల్లీమీటర్ల పలకలతో నింపుటయే ఇందులకు కారణము.

ఇంతకును ఈ రెండింటిలో ఏది మేలు? దశాంశపద్ధతి శాస్త్రీయమనియు తక్కినది మూఢమనియు కొట్టివేయుట సులభమే గాని, శతాబ్దముల తరబడి కోట్లకొలది జనులు వాడిన కొలతలకు ఒక ప్రయోజనము లేకపోలేదు. పాత కొలతలలో పెక్కింటి ప్రాణము సగము చేయుటలో నున్నది. పౌనుకు పదునారు ఔన్సులు, గాలనుకు నాలుగు క్వార్టులు, క్వార్టుకు రెండు పింట్లు. మన యిండ్లలోనైనను నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము. ఆంగ్లేయునకును ఆంధ్రునకును సంబంధమే లేని కాలమున ఉభయులకును ఒకే వరుస తోచుటకు కారణము త్రాసు కావచ్చును. రెండు పళ్ళెముల త్రాసు చేతనున్నవానికి, ఉన్న ధాన్యమును రెండు సమభాగములు చేయుటకు తూకపురాయి యేదియు నక్కరలేదు. ముల్లు నిలిచినంతవరకు ఇటునటు పోసిన చాలును. అట్లే సగమును మరల సగము, దానిని మరల సగము చేసికొనవచ్చును. అయిదవ వంతును గాని పదవ వంతును గాని ఆ త్రాసు తనంతట తాను తీసి యియ్యజాలదు. పదిని ఒక్కమారు సగము చేసినచో అయిదు, రెండవమారు భిన్నము. పన్నెండు అట్లు కాదు. రెండు, మూడు, నాలుగు, ఆరు భాగములుగా శేషము లేకుండ విడిపోవును. వడ్రంగికి అడుగుచెక్కను మూడు సమభాగములు చేయవలసినప్పుడు నాలుగేసి అంగుళములని నోటితోనే తేలిపోవుట చిన్న సౌకర్యము కాదు. మెట్రిక్ దేశముల వాస్తుశిల్పులు ఈ గుణమును గుర్తించియే, నూరు మిల్లీమీటర్లతో తృప్తిపడక, 300 మిల్లీమీటర్లను 600 మిల్లీమీటర్లను తమ ప్రమాణములుగా గ్రహించిరి. ఆ సంఖ్యలు మూటను, నాలుగును, అయిదును, ఆరును గూడ చక్కగా భాగింపబడును. అనగా పన్నెండు గుణము మీటరునకు నిషిద్ధము కాదు. పరిమాణమును తెలిసి ఎన్నుకొన్నచో అదియు లభించును.

పాత పద్ధతిలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది గంటరు గొలుసు. ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్ల గణితవేత్త 1620 ప్రాంతమున భూమిని కొలుచుటకు అరువదియారడుగుల గొలుసును నిర్ణయించి, దానిని నూరు లంకెలుగా విభజించెను. గొలుసు పొడవును గొలుసు వెడల్పును గల చదరములు పది చేరినచో సరిగా ఒక ఎకరము. అనగా ఎకరమునకు లక్ష చదరపు లంకెలు. మన కోస్తా జిల్లాలలోను రాయలసీమలోను రైతులు చెప్పెడి సెంటు ఎకరములో నూరవ వంతు గనుక, సెంటునకు వేయి చదరపు లంకెలు. సర్వేయరు పొలము పొడవును వెడల్పును లంకెలలో వ్రాసికొని, రెంటిని హెచ్చించి, కుడివైపు మూడంకెలు కొట్టివేసినచో సెంట్లు వచ్చును; మరి రెండు కొట్టివేసినచో ఎకరములు. మీటరు పుట్టుటకు పూర్వము నూటడెబ్బది యేండ్లకే, అడుగుల నడుమ ఇమిడియున్న దశాంశపద్ధతి ఇది. ముప్పదిమూడడుగుల చదరము, అనగా అరగొలుసు చదరము, తెలంగాణమున గుంట. అట్టివి నలుబది చేరిన అదే ఎకరము. క్రికెట్ ఆటలో రెండు వికెట్ల నడుమనుండెడి ఇరువదిరెండు గజముల దూరమును ఈ గొలుసే.

నీటిపారుదల యింజనీర్లకు మరియొక సౌకర్యము కలదు. కాలువలో క్షణమునకు, అనగా ఒక సెకనుకు, ఒక ఘనపుటడుగు నీరు పారుచున్నచో దానిని క్యూసెక్కు అందుము. అట్టి ధార ఒక పగలును ఒక రాత్రియు పారినచో 86,400 ఘనపుటడుగులు చేరును. ఎకరము విస్తీర్ణము 43,560 చదరపుటడుగులు. మొదటిదానిని రెండవదానితో భాగించినచో ఇంచుమించుగా రెండు. కావున ఒక క్యూసెక్కు నీరు ఒక దినములో రెండెకరములను అడుగు లోతున ముంచును. ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ 1852 నాటికి ఆనకట్టను పూర్తిచేసిన పిమ్మట గోదావరి డెల్టా కాలువల పొడవున ఎన్ని తరముల యింజనీర్లు వరిపొలములకు నీరు పంచిరో, వారందరికిని ఇట్టి లెక్క కాగితము లేకయే చేయుటకు వీలైనది. నేడు కృష్ణాగోదావరుల వాటాలను రాష్ట్రములు టీఎంసీలలో వాదించుకొనుచున్నవి. టీఎంసీ యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కుల ప్రవాహము ఒక్క దినములో తెచ్చెడి నీరు. దానినే మెట్రిక్ పద్ధతిలో 2.83 కోట్ల ఘనమీటర్లని చెప్పవలెను. ఆయకట్టు ఎకరములలో నున్నంతకాలము నీరు అడుగులను విడువదు. ఇది మొండితనము కాదు, లెక్క సౌలభ్యము.

ఇన్ని గుణములను ఒప్పుకొన్న పిదపను, నా యభిప్రాయము నిస్సంశయముగా మెట్రిక్ పక్షమే. పదితో హెచ్చించుట సులభమనెడి కారణమునే అందరును చెప్పుదురు గాని, అది దాని గుణములలో చిన్నది. పెద్ద గుణము వేరొకటి: పొడవునకును, ఘనపరిమాణమునకును, బరువునకును అందు బాంధవ్యము కలదు.

ఫ్రెంచి విప్లవకాలమున, 1792లో, డెలాంబర్, మెషాన్ అను ఇరువురు జ్యోతిశ్శాస్త్రవేత్తలు డన్‌కర్క్ మొదలు బార్సిలోనా వరకు భూమిని కొలువ బూనుకొని, యుద్ధముల నడుమ, అనుమానముల నడుమ, ఏండ్లకొలది శ్రమించిరి. ఉత్తరధ్రువమునుండి భూమధ్యరేఖకు గల దూరములో కోటియవ వంతును మీటరుగా నిర్ణయించుట వారి పని. వారి కొలతలో వెంట్రుకవాసి లోపము దొర్లినది. నేటి మీటరును కాంతివేగమును బట్టి నిర్వచించుచున్నారు గనుక ఆ చరిత్ర మన పనికి అడ్డు రాదు. మన పనికి వచ్చునది యేమనగా, ఆ మీటరులో పదవ వంతు పొడవు, వెడల్పు, లోతు గల డబ్బా ఒక లీటరు. అందు పట్టు నీరు ఒక కిలోగ్రాము. ప్రతి దిక్కునను మీటరు గల తొట్టిలో వేయి లీటర్లు, ఒక టన్ను. మేడపైన రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరు లోతు గల నీటితొట్టి కట్టదలచినవాడు మూడు సంఖ్యలను హెచ్చించి మూడని తెలిసికొన్న చాలును: మూడువేల లీటర్ల నీరు, స్లాబుపైన మూడు టన్నుల బరువు. ఇదే లెక్కను అడుగులలో మొదలుపెట్టినవాడు ఘనపుటడుగులను 6.23తో హెచ్చించి గాలన్లు, వానిని పదితో హెచ్చించి పౌనులు, వానిని 2,240తో భాగించి టన్నులు తేవలెను. వాన లెక్కయు నంతే. ఒక చదరపు మీటరుపైన ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు. నూరు చదరపు మీటర్ల డాబాపైన ఇరువది మిల్లీమీటర్ల వాన పడినచో ఇంకుడుగుంతకు రెండువేల లీటర్లు రాగలవని బడిపిల్లవాడు చెప్పగలడు. ఎకరముపైన అంగుళము వాన కురిసినచో ఎన్ని గాలన్లని ఆ బాలుని అడిగినచో, 22,600కు పైబడిన ఆ సంఖ్య అతనికి పుస్తకము విప్పిన గాని దొరకదు.

సగము చేసికొనుట అను పాతగుణము సైతము నేడు చాలవరకు కాలముతో గడచిపోయినది. త్రాసు స్థానమున ఎలక్ట్రానిక్ కాటా వచ్చి, 735 గ్రాముల వంకాయలకు ధర యెంతయో అదియే చెప్పుచున్నది. మల్లెపూలమ్మ మోచేతితో మూరలు కొలిచి యిచ్చుటలో మాత్రము ఇంకను పాత కొలతల సౌఖ్యము మిగిలియున్నది. అచ్చట కొలత గజిబిజియైనను కొనువారికి కొఱతగా తోచదు.

ఆంగ్లేయుల పద్ధతి యొక్కటే యని తలచుటయు పొరపాటు. బ్రిటిష్ గాలను 4.546 లీటర్లు; అమెరికా గాలను 3.785 లీటర్లు. బ్రిటిష్ టన్ను 2,240 పౌనులు, అమెరికా టన్ను 2,000. 1834లో లండనులో పార్లమెంటు భవనము దగ్ధమైనప్పుడు అందు భద్రపరచిన గజము, పౌను ప్రమాణములు పాడైపోగా, వానిని మరల నిర్మించుకొనుటకు ఆ దేశము ఎంతో కాలము శ్రమింపవలసివచ్చెను. తుదకు 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా మొదలగు దేశములు కూడి గజమును 0.9144 మీటరుగను, పౌనును 0.45359237 కిలోగ్రాముగను నిర్ణయించుకొనినవి. నాటినుండియు అడుగునకు స్వతంత్రమైన ఆధారము లేదు. మీటరుపైననే అది నిలిచియున్నది. అమెరికాలో నివసించు మన తెలుగువారు మైళ్ళలో ప్రయాణించి గాలన్లలో పెట్రోలు పోయించుకొనుచు, స్వదేశమునకు వచ్చునప్పుడు యాబది పౌనుల పెట్టె సర్దుకొనుచున్నను, వారు వాడెడి ప్రతి అంగుళమును చట్టరీత్యా 25.4 మిల్లీమీటర్లే.

రెండు పద్ధతులును తమతమ స్థానములలో పని జరుపగలవు. ఆపద వచ్చునది రెండును కలిసిన చోట. 1983 జూలై 23న కెనడాలో మాంట్రియల్ నుండి ఎడ్మంటనుకు పోవలసిన ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానమున ఇంధనము చూపెడి మీటర్లు పనిచేయలేదు. ఆ విమానము క్రొత్తది, దాని లెక్క కిలోగ్రాములలో. తక్కిన పాత విమానముల లెక్క పౌనులలో. ప్రయాణమునకు 22,300 కిలోల ఇంధనము వలయును. కొలపుల్లతో చూడగా ట్యాంకులలో 7,682 లీటర్లున్నవి. లీటరు బరువు ఎంతయని చూచువారు అలవాటు చొప్పున 1.77 అను సంఖ్యను గ్రహించిరి. అది లీటరునకు పౌనుల లెక్క. కిలోల లెక్కలో 0.8 మాత్రమే. ఆ తప్పుడు సంఖ్యతో లోపల 13,597 కిలోలున్నవని తేల్చి, మిగిలినదానికై 4,917 లీటర్లు పోసిరి. పోయవలసినది ఇరువదివేల లీటర్లకు పైన. నడుమ ఒట్టావాలో దిగినప్పుడు మరల కొలిచిరి, మరల అదే సంఖ్యతో హెచ్చించిరి, మరల సరిపోయినది. మార్గమధ్యమున, ఆకాశముననే, రెండు యింజన్లును ఒకదాని వెంట నొకటి ఆగిపోయినవి. గ్లైడరు నడిపిన అనుభవము గల రాబర్ట్ పియర్సన్ అను కెప్టెను గాలిలో విమానమును జార్చుకొనుచు గిమ్లీ అను చోట, మూతపడిన సైనిక విమానస్థలమున దించగలిగెను; అందున్న 69 మందిలో ఒక్కరును మరణింపలేదు. 1999లో అంగారకగ్రహము చేరవలసిన అమెరికా వ్యోమనౌక, ఒక పక్షము పౌనులలో నిచ్చిన బలమును మరియొక పక్షము న్యూటన్లుగా గ్రహించుటచేత నశించినది. మన పొలములకును ఇట్టి ప్రమాదము దూరము కాదు. పురుగుమందు మోతాదు హెక్టారునకని వ్రాసియున్నచోట రైతు దానిని ఎకరమునకని తలచినచో, పైరుపైన పడునది రెండున్నర రెట్ల మందు.

మన దేశమున మెట్రిక్ పద్ధతి తొలుత ప్రవేశించినది అంగడిలో కాదు, రైలుమార్గమున. 1870 ప్రాంతమున గవర్నరు జనరలు మేయో ప్రభువు, ఈ దేశమంతయు త్వరలో మెట్రిక్ పద్ధతిని స్వీకరించునను విశ్వాసముతో, చిన్న రైలుమార్గముల వెడల్పును మీటరుగా నిర్ణయించెను. కొలతల చట్టమును గూడ చేయించెను. 1872లో అండమానులలో ఆయన హత్యకు గురియైన పిదప ఆ చట్టము కాగితముననే మిగిలిపోయి, మీటరు గేజి పట్టాలు మాత్రము మన కాలమువరకు నిలిచెను. స్వాతంత్ర్యానంతరము 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చినది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలైనవి. 1958 అక్టోబరు 1న కిలోగ్రాము అంగడి కెక్కినది. ఆ చట్టము వచ్చిన 1956వ సంవత్సరపు నవంబరులోనే ఆంధ్రప్రదేశము అవతరించుట విశేషము. ఒక రాష్ట్రముగా కూడిన రెండు ప్రాంతములలో ఒకచోట వీశయు మణుగును, వేరొకచోట సేరును తూకములు. మద్రాసు మణుగు ఎనిమిది వీశలు, అనగా పదకొండు కిలోలకు కొంచెము పైన. రైల్వేవారి మణుగు నలుబది సేర్లు, అనగా ముప్పదియేడు కిలోలకు పైన. పేరు ఒకటే, బరువులో మూడు రెట్లకు మించిన భేదము. కొనుబడిదారుడు దూరదేశమువాడైనచో ఏ మణుగును నమ్మవలెను? అపరిచితుల నడుమ తగవు లేకుండ వ్యాపారము నడపుటకు కిలోగ్రాము చేసిన మేలు, లెక్కల సౌలభ్యము కంటె వేయిరెట్లు గొప్పది.

అంగడిలో కొద్దియేండ్లకే గెలిచిన ఆ మార్పు పొలములో నేటికిని ఎందుకు గెలువలేదన్నది ఆలోచింపదగిన ప్రశ్న. పాత తూకపురాళ్ళను స్వాధీనపరచుకొని ముద్రవేసిన క్రొత్తవానిని ఇచ్చిన చాలును, కొట్టు మారిపోవును. బియ్యము నేడు కొని రేపు తినెడి వస్తువు. బంగారమునకు సైతము జనులే ఒక దారి కనిపెట్టిరి. పూర్వము 11.66 గ్రాములున్న తులమును పది గ్రాములకు దించి, పేరును పదిలపరచుకొని లెక్కను సులభము చేసికొనిరి. కాసు ఎనిమిది గ్రాములైనది. జర్మనులు తమ పాత పౌనును ఐదువందల గ్రాములుగా మలచుకొనుటయు ఇట్టిదే. పొలము విషయమున ఇది కుదరదు. సెంటు 40.47 చదరపు మీటర్లు, గుంట 101.17. గుంటను నూరుగా సవరించినచో లెక్క ముచ్చటగా నుండును గాని, ఆ మిగులు ఎవరి గట్టున పోయి చేరవలెను? తాతనాటి దస్తావేజులో వ్రాసిన యెకరముల సెంట్లే నేటి హద్దురాళ్ళకు సాక్ష్యము. ఉపగ్రహముల సహాయమున మీటర్లలో సర్వే చేసిన భూమిని గూడ పాసుపుస్తకమున ఎకరములలోనే ముద్రించుట ఇందువలననే.

కావున భూమి కొనెడివారు నోటిలెక్కకు ఒక సూత్రము పట్టుకొనవచ్చును: గుంట ఇంచుమించుగా నూరు చదరపు మీటర్లు, సెంటు నలుబది, హెక్టారునకు రెండెకరముల నలుబదియేడు సెంట్లు. తప్పు నూటికి ఒక వంతు చొప్పున నుండును. బేరమాడునప్పుడు అది బాధింపదు. రిజిస్ట్రేషను నాడు మాత్రము ఆ సూత్రమును విడిచిపెట్టవలెను. రెండువందల గజముల స్థలము 167.23 చదరపు మీటర్లు; దస్తావేజులో 167 అని వ్రాసి ఊరకుండినచో గజములో నాలుగవ వంతుకు పైన జారిపోవును. గజములను చదరపు మీటర్లను రెంటిని ప్రక్కప్రక్కన వ్రాయించి, దశాంశబిందువు తరువాతి రెండంకెలను గూడ సరిచూచుకొన్న మీదటనే సంతకము చేయుట మంచిది.